ఎరువుల షాపు కంప్యూటర్లకు ఫైర్‌వాల్ అంత అవసరమా? 60 వేలు అంటున్నారు

హాలియా_ఎరువులు
నాన్నది ఎరువులు, పురుగుమందుల షాపు. మెయిన్ రోడ్డు మీద ఒకటి, గోదాం దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్). మా లైన్‌లోనే ఉన్న విత్తనాల షాపాయన పోయిన వారం పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క ఫైలు కూడా తెరుచుకోలేదు. అన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు, డెస్క్‌టాప్ మీద ఇంగ్లిష్‌లో ఒక చీటీ. డబ్బు కడితే తాళం తీస్తారట, అదీ బిట్‌కాయిన్‌లో. ఆయనేమో బిట్‌కాయిన్ ఏ బ్యాంకులో ఇస్తారని నన్ను అడుగుతున్నాడు.

అది చూసినప్పటి నుంచి నాన్నకు టెన్షన్. మాకు సిస్టమ్‌లు చూసే ఆయనను పిలిస్తే ఫైర్‌వాల్ బాక్సు (నెట్ నుంచి అక్కర్లేనివాళ్లు లోపలికి రాకుండా ఆపేది), యాంటీవైరస్, ఏడాది సర్వీసు కలిపి 60 వేలు కొటేషన్ ఇచ్చాడు. యాసంగి ముందు స్టాక్ దింపుకోవాల్సిన టైంలో 60 వేలంటే మాకు చిన్న మాట కాదు. నిజంగా అంత కావాలా? తక్కువలో ఏం చేస్తే లెక్కలు భద్రంగా ఉంటాయి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కొటేషన్లు మాత్రం పంపొద్దు, ఒకటి చాలు.

పాలమూరు_పోరడు
సీపీయూకి నిమ్మకాయ, మిరపకాయలు కట్టు అన్నా. 20 రూపాయల్లో పని అయిపోతది.

కోదాడ_కిరాణం
దసరాకి మా ఇంట్లో కీబోర్డుకి కూడా పసుపు కుంకుమ పెట్టారు. ఎంటర్ బటన్ ఇప్పటికీ ఎర్రగానే ఉంది. వైరస్ అయితే రాలేదు మరి.

మిర్యాలగూడ_మునీం
నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా ఓనర్ బంధువుల మిల్లులో ఇదే జరిగితే సర్దడానికి నన్ను పంపించారు, అందుకని దగ్గరుండి చూశాను.

హ్యాకర్ ఎట్లా వచ్చాడంటే, అక్కడి అకౌంటెంట్ రాత్రిళ్లు ఇంటి నుంచి బిల్లులు కొట్టడానికి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే ఆఫీసు కంప్యూటర్ నడిపేది) పెట్టించుకున్నాడు. పెట్టినవాడు రూటర్‌లో 3389 పోర్టు, అంటే ఆ రిమోట్ డెస్క్‌టాప్ వచ్చే దారి, నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేశాడు. యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ మిల్లు పేరు పక్కన 123. ఇట్లా తెరిచి ఉన్న పోర్టుల కోసం ఎక్కడెక్కడి నుంచో ప్రోగ్రాములు రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటాయి. మిర్యాలగూడ మిల్లా, ముంబై కంపెనీయా అని వాటికి తేడా లేదు. శనివారం రాత్రి లోపలికి వచ్చి ముందు యాంటీవైరస్ తీసేశారు. ఆ తర్వాత టాలీ డేటా, ఎక్సెల్ షీట్లు, లారీ కాటా డేటా, అన్నిటికీ తాళం. ఆదివారం మిల్లుకు సెలవు కాబట్టి ఎవరూ చూడలేదు.

బ్యాకప్ లేదా అంటే ఉంది. ఒకటి డి డ్రైవ్‌లో, రెండోది ఎప్పుడూ వెనక గుచ్చే ఉండే హార్డ్ డిస్క్‌లో. రెండూ పోయాయి. నీ కంప్యూటర్‌కి కనిపించేదంతా లోపలికి వచ్చినవాడికి కూడా కనిపిస్తుంది కదా.

తమ్ముడూ, 60 వేల సంగతి తర్వాత చూద్దువు. ముందు రెండు హార్డ్ డిస్క్‌లు కొను. బ్యాకప్ అవగానే పీకి బీరువాలో పెట్టు.

గడియారం_సెంటర్
మిల్లు వాళ్లు డబ్బు కట్టారా మరి?

మిర్యాలగూడ_మునీం
కట్టలేదు. ఓనర్ కట్టడానికి తయారైండు గానీ పోలీసులు వద్దన్నారు. కట్టినా తాళం తీస్తాడన్న నమ్మకం లేదు, తీసినా మళ్లీ రాడన్న నమ్మకం అంతకంటే లేదు.

మళ్లీ కూర్చుని రాశాం. అమ్మకాలు జీఎస్టీ పోర్టల్‌లో వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 నుంచి, కొనుగోళ్లు అక్కడే మన కొనుగోళ్లు చూపించే 2బి నుంచి, లారీల వివరాలు ఈ-వే బిల్లు పోర్టల్ నుంచి, మిగతావి బ్యాంకు స్టేట్‌మెంట్ల నుంచి తీసుకున్నాం. పోయిన మార్చి వరకు టాలీ కాపీ ఆడిటర్ దగ్గర దొరికింది, ప్రాణం లేచి వచ్చింది. సీఎమ్మార్ (ప్రభుత్వానికి మిల్లాడించి ఇచ్చే) వడ్ల లెక్క ఎట్లాగూ సివిల్ సప్లయ్స్ వాళ్ల దగ్గర ఉంటది.

ఎక్కడా దొరకనిది నగదు లెక్క. హమాలీ ముఠాకి ఇచ్చిన అడ్వాన్సులు, రైతులకు ఇచ్చిన చేబదుళ్లు, నూకలు తవుడు చిల్లర అమ్మకాలు. ఎవరు ఎంత చెప్తే అంత రాసుకున్నారు. కొందరు నిజమే చెప్పారు.

పాలమూరు_పోరడు
"కొందరు" 😂

నల్లగొండ_నెట్‌వర్క్స్
నేను ఈ పనే చేస్తాను కాబట్టి నా మాట వ్యాపారం అనుకున్నా పర్వాలేదు. ఫైర్‌వాల్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. మునీం గారు చెప్పిన మిల్లులో ఫైర్‌వాల్ ఉండి, అకౌంటెంట్ వీపీఎన్ (నెట్‌లో తాళం వేసిన సొంత దారి) ద్వారా వచ్చి ఉంటే ఆ పోర్టు తెరవాల్సిన పనే ఉండేది కాదు. డిస్క్ బీరువాలో పెట్టడం మంచిదే, కానీ అది ఇల్లు కాలాక పనికొచ్చేది. కాలకుండా చూసుకోవద్దా?

మిర్యాలగూడ_మునీం
@నల్లగొండ_నెట్‌వర్క్స్ పోర్టు మూయడానికి బాక్సు ఎందుకు సార్? రూటర్ సెట్టింగుల్లో ఆ ఒక్క లైను తీసేస్తే మూసుకుంటది. పైసా ఖర్చు లేదు. ఆ పోర్టు తెరిచింది కూడా మీలాంటి సిస్టమ్ ఆయనే.

నల్లగొండ_నెట్‌వర్క్స్
తెరిచింది నేనైతే కాదు. లైను తీసేయాలని మీకు తెలుసు, అందరికీ తెలియదు కదా. సరే, హాలియా గారూ, ముందు ఇవి చెప్పండి. రెండు షాపులూ నెట్ ద్వారా కలిసి ఉన్నాయా? బయటి నుంచి ఎవరైనా మీ కంప్యూటర్‌లోకి వస్తారా? విండోస్ ఏది? ఇవి తెలియకుండా 60 వేలు ఎక్కువో తక్కువో ఎవరం చెప్పలేం.

హాలియా_ఎరువులు
రెండూ కలిసి లేవు. సాయంత్రం గోదాం డేటా పెన్‌డ్రైవ్‌లో షాపుకి తెస్తాం. టాలీ సర్వీసు వాళ్లు ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్)లో వస్తారు, దానికి పాస్‌వర్డ్ పెట్టి ఉంచారు, మేం ఓకే నొక్కకపోయినా రాగలరు. షాపులో విండోస్ 10, గోదాంలో విండోస్ 7. యూపీఐ, బ్యాంకు పనులన్నీ నాన్న ఫోన్‌లో, వాట్సాప్ కూడా అందులోనే.

నల్లగొండ_నెట్‌వర్క్స్
విండోస్ 7!! దానికి 2020 జనవరి 14తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. 2017 మే నెలలో వన్నాక్రై అనే తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు ఎక్కువగా దొరికినవి విండోస్ 7 మెషీన్లే. దాన్ని ఆపే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) అదే ఏడాది మార్చిలోనే వచ్చింది, వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. అప్పుడు వేసుకోవడానికి ప్యాచ్ అయినా ఉంది, ఇప్పుడు విండోస్ 7కి అదీ లేదు.

గోదాం మెషీన్‌కి ఇంటర్నెట్ ఎందుకు? బిల్లు కొట్టడానికే అయితే నెట్ కేబుల్ పీకేయండి. షాపులో ఎనీడెస్క్ ఆ శాశ్వత పాస్‌వర్డ్ ఈరోజే తీసేయండి. సర్వీసు వాళ్లు ఫోన్ చేస్తే తెరవాలి, పని అవగానే మూయాలి. ఈ రెండింటికీ నాకేం ఇవ్వనక్కర్లేదు.

గడియారం_సెంటర్
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా. సిస్టమ్ ఆయన ఉచితంగా సలహా ఇచ్చాడు.

దేవరకొండ_డీటీపీ
క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పక్క ఫొటో స్టూడియోలో ఏదో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికిందని దించుకుంటే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చింది. స్టాప్ డీజేవీయూ అనే రకం, ఎక్కువగా క్రాక్‌లలోనే దాక్కుని వస్తుంది. ఫొటోలు పోయాయి. వీడియోలు మాత్రం చాలావరకు దక్కాయి, ఎందుకంటే ఈ రకం ఫైలు మొదట్లో 150 కేబీ దాకానే తాళం వేస్తుంది. గంట పెళ్లి వీడియోలో అదెంత, రిపేర్ చేస్తే మిగతాది ఆడింది. ఫొటో అయితే ముఖ్యమైన భాగమంతా ఆ 150 కేబీలోనే పోతుంది.

విత్తనాల షాపాయనకు చెప్పండి: ఆ ఫైళ్లను చెరిపేయొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. నో మోర్ రాన్సమ్ అనే సైట్ ఉంది, యూరోపోల్ (ఐరోపా దేశాల పోలీసు సంస్థ), డచ్ పోలీసులు, యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో పెట్టారు. తాళం వేసిన ఫైలు ఒకటి, ఆ చీటీ ఒకటి అందులో ఎక్కిస్తే ఏ రకమో చెప్తుంది. విరుగుడు ఉంటే ఉచితంగానే ఇస్తుంది. చాలా రకాలకు లేదు, అయినా చూడటంలో నష్టం లేదు.

హాలియా_ఎరువులు
అయ్యో, ఫార్మాట్ కొట్టించడానికి తీసుకెళ్తానన్నాడు నిన్ననే. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

టాలీ_తాత
మునీం చెప్పినదాంట్లో ఒక సంగతి ఎవరూ పట్టుకోలేదు. మిల్లు వాళ్లు అమ్మేది వ్యాపారులకు, బిల్లు బిల్లుగా జీఎస్టీఆర్-1లో ఉంటుంది, అందుకే తిరిగి రాసుకోగలిగారు. ఈ అబ్బాయి అమ్మేది రైతులకు. వాళ్లకు జీఎస్టీ నంబర్ ఉండదు. మొత్తం అమ్మకం పన్ను రేటు వారీగా ఒక్కో అంకెగా వెళ్తుంది. పోర్టల్ నుంచి ఎంత గీకినా ఏ ఊరి రైతు ఏం తీసుకుపోయాడో రాదు. యూరియా, డీఏపీ అయితే వేలిముద్ర వేయించుకుని ఈ-పాస్ మిషన్‌లో కొడతారు, ఆ లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. పురుగుమందుల ఉద్దెర మాత్రం నీ టాలీలో తప్ప ఇంకెక్కడా లేదు. పంట చేతికొచ్చాక వసూలు చేయాల్సిన బాకీలు అవి. కంప్యూటర్ పోతే పోయేది కంప్యూటర్ కాదు బాబూ, ఆ బాకీ.

అందుకే నేను ఇప్పటికీ ప్రతి శనివారం బాకీల లిస్టు ప్రింట్ తీసి ఫైల్ చేయిస్తాను. పిల్లలు నవ్వుతారు.

కోదాడ_కిరాణం
తాత చెప్పింది నూటికి నూరు పాళ్లు. మా ఉద్దెర ఖాతా పుస్తకాన్ని ఏ హ్యాకరూ ముట్టుకోలేడు.

వనపర్తి_బేకరీ
మా ఉద్దెర పుస్తకాన్ని ఎలుక కొట్టేసింది. దాని మీద కేసు ఎక్కడ పెట్టాలి?

పాలమూరు_పోరడు
మౌస్ ఎటాక్ అన్నా అది. అదీ సైబర్ కిందికే వస్తది.

సూర్యాపేట_సంధ్య
ఇంత కష్టం ఎందుకు, గూగుల్ డ్రైవ్‌లో టాలీ ఫోల్డర్ పెట్టేస్తే సరిపోదా? మేం అదే చేస్తాం. పైగా టాలీ వాల్ట్ (డేటాకి పాస్‌వర్డ్ తాళం) కూడా పెట్టాం.

మిర్యాలగూడ_మునీం
@సూర్యాపేట_సంధ్య డ్రైవ్ కంప్యూటర్‌తో సింక్ అయ్యి ఉంటే తాళం పడ్డ ఫైళ్లే పైకి కూడా ఎక్కుతాయి మేడం. సింక్ వేరు, బ్యాకప్ వేరు.

సూర్యాపేట_సంధ్య
పాత వెర్షన్లు 30 రోజుల వరకు ఉంటాయి కదా? అందులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. మీరు చెప్పినంత బెంగ లేదు.

నల్లగొండ_నెట్‌వర్క్స్
ఇద్దరిదీ నిజమే. వెర్షన్లు ఉంటాయి, కానీ వేల ఫైళ్లకు ఒక్కొక్కటిగా వెనక్కి తేవాలంటే చుక్కలు కనిపిస్తాయి. అదే కంప్యూటర్‌లో మీ జీమెయిల్ తెరిచి ఉంటే, లోపలికి వచ్చినవాడు డ్రైవ్‌లోనూ చెరిపేయగలడు. డ్రైవ్ ఉంచండి, బీరువా డిస్క్ కూడా ఉంచండి. టాలీలో ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీసి, ఆ ఫైలు ఎక్కించడం మేలు, నడుస్తున్న ఫోల్డర్ సింక్ చేస్తే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

వాల్ట్ గురించి: అది మీ లెక్కలు వేరేవాళ్లు చదవకుండా ఆపుతుంది. మీ తాళం మీద వాడు ఇంకో తాళం వేయకుండా ఆపదు. పైగా వాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే కంపెనీ వాళ్లు కూడా తీయలేరు. అది ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా?

సూర్యాపేట_సంధ్య
మా ఆయనకు గుర్తుంటుంది. ...రాసిపెట్టమంటాను.

సీఏ_పాలమూరు
చట్టం సంగతి కొంచెం. జీఎస్టీ కింద లెక్కల పుస్తకాలు, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. కంప్యూటర్‌లో రాసేవాళ్లు బ్యాకప్ ఉంచాలని, రికార్డులు పోయినా తగిన సమయంలో తిరిగి తెచ్చుకునేలా ఉండాలని సీజీఎస్టీ నియమం 57లోనే ఉంది. కాబట్టి "వైరస్ తినేసింది సార్" అని ఆఫీసర్ ముందు చెప్తే పని జరగదు. దాడి జరిగితే పోలీసు ఫిర్యాదు కాపీ తప్పకుండా దగ్గర ఉంచుకోండి, రేపు అసెస్‌మెంట్‌లో అదే ఆధారం.

ఇంకొకటి, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఫోన్ నంబర్, ఎవరి ఈమెయిల్ ఉన్నాయో చూసుకోండి. చాలామందికి పాత ట్యాక్స్ కన్సల్టెంట్ నంబరే ఉంటుంది. ఓటీపీ ఆయనకు పోతుంది, షాపు మీది.

గద్వాల_జరీ
అందరూ కంప్యూటర్ దగ్గరే ఆగారు. మాది చీరల వ్యాపారం, జరీ సూరత్ నుంచి వస్తుంది. ఒకసారి సరఫరాదారు నుంచి మెయిల్: మా అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ కొత్త అకౌంట్‌కి వేయండి అని. బిల్లు అదే, లోగో అదే, మాకు రావాల్సిన సరుకు, బాకీ ఉన్న మొత్తం రూపాయితో సహా కరెక్ట్. ఈమెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా, ఎల్ ఉండాల్సిన చోట ఒకటి అంకె. కంటికి కనపడదు. మా నాన్న పాత బిల్లు మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి "ఏంది సేఠ్, బ్యాంకు మార్చావట" అంటే ఆయన ఉలిక్కిపడ్డాడు. వాళ్ల మెయిల్‌లో ఎవడో చాలా రోజులుగా కూర్చుని అన్నీ చదువుతున్నాడని తర్వాత తెలిసింది.

దీనికి ఏ ఫైర్‌వాల్ అడ్డు? మాది చాలా చిన్న నియమం. అకౌంట్ నంబర్ మారిందంటే, మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు.

నల్లగొండ_నెట్‌వర్క్స్
ఒప్పుకుంటున్నా, దీనికి బాక్సు పనికిరాదు. ఈమెయిల్‌కి రెండంచెల లాగిన్ పెట్టుకోవడం ఒక్కటే సూరత్ వాళ్లను కాపాడేది. 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా పోయినప్పుడు కూడా మొదలు ఉద్యోగులకు వచ్చిన మెయిల్ నుంచే అని పోలీసులు తేల్చారు. బ్యాంకుకే దిక్కు లేదు.

కోదాడ_కిరాణం
మన కరెంటోళ్ల వెబ్‌సైట్లు కూడా 2019లో రాన్సమ్‌వేర్‌తో ఆగిపోయినట్టు గుర్తు. బిల్లు తప్పుతుందేమోనని నేను సంతోషపడ్డాను. తప్పలేదు.

అచ్చంపేట_మొబైల్స్
నా దగ్గరికి రోజూ వచ్చే కేసు ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్. "ట్రాఫిక్ చలానా", "పీఎం కిసాన్", "కరెంట్ బిల్లు" పేర్లతో వాట్సాప్‌లో ఫైల్ వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే ముందు వాళ్ల ఫోనే పోయి ఉంటుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే పర్మిషన్ అడుగుతుంది, ఇచ్చేస్తారు. ఇక ఓటీపీలు నేరుగా వాడికే. హాలియా బ్రో, మీ నాన్న ఫోన్‌లో రైతుల గ్రూపులు ఉంటాయి కదా, మీ షాపుకి అసలు తలుపు అదే. బ్యాంకుకి వేరే చిన్న ఫోన్, వేరే సిమ్ పెట్టండి. అందులో వాట్సాప్ వద్దు. ఆ నంబర్ ఏ బోర్డు మీదా, ఏ క్యాలెండర్ మీదా వేయించకండి.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్
డబ్బు పోతే ముందు 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్)కి ఫోన్, తర్వాతే చుట్టాలకు. అవతలి అకౌంట్‌లో డబ్బు ఉండగానే ఆపగలుగుతారు, చేతులు మారే కొద్దీ కష్టం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి నంబర్ తీసుకోండి. ఆర్‌బీఐ 2017 జూలై సర్క్యులర్ ప్రకారం తప్పు మీదీ కాక, బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో చెప్తే మీకు నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెప్తే చిన్న వ్యాపారాల కరెంట్ అకౌంట్‌కి మీ మీద పడేది ఎక్కువలో ఎక్కువ 10 వేలు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు చెప్పేవరకు పోయిందంతా మీదే.

వనపర్తి_బేకరీ
బాబాయ్, మాకు తిరకాసు కేసు. ఎవడో దొంగ డబ్బుతో క్యూఆర్‌కి కొట్టి కేక్ కొన్నాడట, మా అకౌంట్ ఆపేశారు. కేక్ తిన్నది వాడు.

రిటైర్డ్_బ్యాంకు_బాబాయ్
బ్యాంకులో ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఫిర్యాదు నంబర్ ఎంత అని అడుగు, వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ రోజు బిల్లు, సీసీ కెమెరా ఫుటేజీ జత చేసి ఆ స్టేషన్‌కి మెయిల్ పెట్టు. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపమని, మిగతాది వదలమని రాతలో అడుగు. నోటితో అడిగితే కౌంటర్ మారుతూ ఉంటావు.

హాలియా_ఎరువులు
విత్తనాల షాపాయన ఫార్మాట్ ఆపాడు. ఆ సైట్‌లో ఫైలు ఎక్కించాం, రకం తెలిసింది, విరుగుడు ప్రస్తుతానికి లేదట. డిస్క్ అలాగే తీసి దాచాడు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు.

మా వరకు: గోదాం కంప్యూటర్‌కి నెట్ పీకేశాం. ఎనీడెస్క్ పాస్‌వర్డ్ తీసేశాం, టాలీ సర్వీసు వాళ్లు కొంచెం సణిగారు. రెండు డిస్క్‌లు కొన్నాం, ఒకటి షాపు బీరువాలో, ఒకటి ఇంట్లో, రోజు మార్చి రోజు. తాత చెప్పిన బాకీల ప్రింట్ నాన్నకు బాగా నచ్చింది, అసలు కంప్యూటరే వద్దంటున్నాడు ఇప్పుడు. కొటేషన్ ప్రస్తుతానికి ఆపాను.

నల్లగొండ_నెట్‌వర్క్స్
రెండు షాపులూ నెట్‌తో కలిపే రోజు వస్తే అప్పుడు మళ్లీ ఆలోచించండి, అప్పుడు నిజంగానే కావాలి. ఈలోపు రెండు పనులు. గోదాం పెన్‌డ్రైవ్ ఆ ఒక్క పనికే వాడండి, కంపెనీ రెప్‌లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు గుచ్చనివ్వకండి. నెలకోసారి డిస్క్‌లోంచి బ్యాకప్ వేరే కంప్యూటర్‌లో తెరిచి నిన్నటి బిల్లు కనిపిస్తుందో లేదో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

నారాయణపేట_నేత
మధ్యలో దూరుతున్నా. మాదీ విండోస్ 10, అప్‌డేట్లు అయిపోయాయని మెసేజ్ వస్తోంది. 11 వేద్దామంటే మీ కంప్యూటర్‌కి రాదు అంటోంది. పారేయాలా?

నల్లగొండ_నెట్‌వర్క్స్
విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగాయి. ఇళ్లలో వాడే వాటికి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఉంది, వ్యాపారాలకు విడిగా డబ్బు కట్టి తీసుకునేది ఉంది. ముందు ప్రాసెసర్ ఏదో చూడండి. ఇంటెల్ అయితే 8వ తరం నుంచి 11 పడుతుంది. ఆ పైదే అయ్యుండి కూడా రాదంటే బయోస్ (కంప్యూటర్ మూల సెట్టింగులు)లో టీపీఎం అనే భద్రతా చిప్ ఆపి ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.

నారాయణపేట_నేత
ఐ3, పక్కన 4130 అని ఉంది.

నల్లగొండ_నెట్‌వర్క్స్
4వ తరం. 11 రాదు. నెట్ పీకి బిల్లింగ్‌కి మాత్రం వాడుకోండి, బ్యాంకు పనులు అందులో చేయకండి.